కళ్లకు డబ్బా పంపే బిడ్డలకు ఒక మాట



ఆదోని, ఎమ్మిగనూరు మధ్య మన పల్లెల్లో ప్రార్థనకు పోయినప్పుడు చాలా ఇళ్లలో గూట్లో షుగరు బిళ్లల పక్కన ఇంకో డబ్బా కనబడుతోంది. దానిమీద కన్ను బొమ్మ ఉంటుంది. కంటి నరాలకు బలం, రెటీనాకు రక్ష అని రాసి ఉంటుంది. అడిగితే "మా పిల్లోడు పంపినాడు అయ్యగారూ" అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు వారి ముఖంలో సంతోషం చూస్తాం. పంపినది ప్రేమతోనే, సందేహం లేదు. అయితే ప్రేమకు తెలివి కూడా తోడు కావాలని ఫిలిప్పీ సంఘం కోసం పౌలు ప్రార్థన చేశాడు. అందుకే ఈ డబ్బా సంగతి కాస్త విచారిద్దాం.

కన్ను ఒక గది అనుకుంటే, దాని వెనుక గోడకు పరిచిన పలుచని పొర రెటీనా. వెలుగు దానిమీద పడితేనే మనకు చూపు. దాని నడిమధ్యన ఉన్న చిన్న భాగాన్ని మాక్యులా అంటారు. అక్షరాలు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, ఎదురుగా ఉన్న మనిషి ముఖం గుర్తుపట్టడానికి అదే ఆధారం. వయసు మళ్లిన కొందరిలో ఆ భాగం అరిగిపోతూ వస్తుంది. పక్కలు కనబడతాయి, నడుమ మాత్రం మసక.

ఈ జబ్బుకు విటమిన్లు పనిచేస్తాయా అని అమెరికా ప్రభుత్వ కంటి పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి పరీక్షించి 2001లో ఫలితం చెప్పింది. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపి ఎక్కువ మోతాదులో ఇచ్చారు. జబ్బు మధ్య దశకు వచ్చినవారిలో, లేదా ఒక కన్ను ముదిరిపోయినవారిలో, మందు లేకుండా ఐదేళ్లు గడిస్తే 100 మందిలో 28 మందికి జబ్బు ముదిరింది. మందు వేసుకున్నవారిలో 20 మందికి ముదిరింది. అంటే మేలు ఉంది, అది నిజం. కానీ పోయిన చూపును ఆ మందు తిరిగి తేలేదు. జబ్బు లేనివారికి, మొదటి దశలో ఉన్నవారికి ముదరకుండా అడ్డుపడినట్టు కూడా తేలలేదు.

2013లో రెండో పరిశోధన ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ పొగతాగే అలవాటున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు పెంచుతుందని తేలడంతో, దాని స్థానంలో ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు పెట్టారు. మన పల్లెల్లో ముప్పై ఏళ్లు బీడీ కాల్చిన తాతలు ఎంతమంది! వారి చేతికి డబ్బా ఇచ్చేముందు అందులో ఏముందో ఎవరైనా చదివారా? చేపనూనె క్యాప్సూల్ కూడా ఆ పరిశోధనలో చేర్చి చూశారు, అదనపు మేలు కనబడలేదు.

ఇంకో సంగతి ముఖ్యం. ఆ రెండు పరిశోధనలూ వయసుతో వచ్చే మాక్యులా జబ్బు గురించి చేసినవి. మన దగ్గర రెటీనాను పాడుచేసే పెద్ద శత్రువు షుగరు. అది రెటీనాలోని సన్నని రక్తనాళాలను బలహీనపరిచి, వాటినుండి నీరు, రక్తం కారేట్టు చేస్తుంది. దానికి షుగరు, బీపీ అదుపు, అవసరమైతే లేజరు, కంట్లో ఇంజెక్షను. డబ్బా వాటికి బదులు కాదు.

మన సంఘంలో ఒక అవ్వ ఉంది. పేరు చెప్పం. ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాప పరిచే మనిషి. బెంగళూరులో బేల్దారి పని చేసే కొడుకు ఆమెకు నెలకు 2,000 రూపాయలకు పైన పెట్టి క్యాప్సూళ్లు పంపేవాడు. అవి రెటీనాకని తెలిసి, ఇక కంటి డాక్టరుతో పనిలేదనుకుంది. చీటీలో రాసిన తేదీ దాటి ఏడాదైంది. బైబిలు తలకిందులుగా పట్టుకున్నది మా ఇంటి అమ్మగారు గమనించి, ఆ వారంలోనే మేము కర్నూలుకు తీసుకుపోయాం. చుక్కలు వేసి చూసిన డాక్టరు, ఒక కంటిలో పోయిన చూపు రావడం కష్టమని, రెండో కన్ను నిలబెట్టడానికి ఇంకా సమయముందని చెప్పాడు. అవ్వ బస్సులో ఒకటే మాట అడిగింది: "మా వానికి ఈ సంగతి ఎట్ల చెప్పాల అయ్యగారూ? బాధపడతాడు." కన్ను పోయినందుకు కాదు, కొడుకు నొచ్చుకుంటాడని ఆమె దుఃఖం.

కొడుకుకు మేమే ఫోనులో మెల్లగా చెప్పాం. ఇప్పుడు ఆ డబ్బు ఆమె ఆసుపత్రి ప్రయాణాలకు పోతోంది.

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోను, తుంగభద్ర అవతలి మహబూబ్‌నగరుతో సహా మూడు జిల్లాల్లోను పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. అంధత్వంలో సుమారు 60 శాతం శుక్లాల వల్ల, అద్దాలు లేకపోవడం వల్ల వచ్చిందే. ఒక ఆపరేషను, ఒక జత అద్దాలు చాలు. ఏ జబ్బో తెలియకుండా పొడి తాగిస్తే, తేలికగా వచ్చే చూపు కూడా ఆలస్యమవుతుంది.

విటమిన్లు వట్టివని మేము అనడం లేదు. విటమిన్ ఎ తగ్గితే రెటీనా చీకట్లో పనిచేయదు, రేచీకటి వస్తుంది. 1970లో మన దేశంలో పిల్లలకు విటమిన్ ఎ మందు పోసే కార్యక్రమం మొదలైంది. దాని వెనుక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కృషి ఉంది. ఈ రోజుకూ తొమ్మిదో నెల నుండి ఐదేళ్ల వరకు ఆ మందు పోయిస్తాం. కొరత ఉన్నచోట అది అన్నం లాంటిది. కానీ వంశంలో వచ్చే రేచీకటి వేరే ఉంది, మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఎక్కువ. దానికి ఆ మందు సొంతంగా వేసుకుంటే, ఎక్కువై కాలేయానికి చేటు, గర్భిణికైతే కడుపులో బిడ్డకు చేటు.

ఆరాధన తరువాత ఇలాంటి డబ్బాల గురించి ప్రకటన చేయమని మన సహోదరి ఒకరు అడిగారు. ఆమె ఇబ్బందులు మాకు తెలుసు, అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయనే ఆశా తెలుసు. అయినా చేయలేదు. చూపు తక్కువైన మనిషి నడిచే దోవలో కాలికి తగిలేది ఏదీ పెట్టవద్దని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు కట్టడ చేశాడు. ఇస్సాకు చూపు మందగించినప్పుడు ఎదుటివారి మాట నమ్మి, ముందు పెట్టినది తిన్నాడు. మన పెద్దలూ అంతే, మనం ఏమి చెబితే అది నమ్ముతారు. కాబట్టి మన మాట నిజమై ఉండాలి.

బేత్సయిదా గుడ్డివాని సంగతి మార్కు 8లో చదువుతాం. ప్రభువు అతనిమీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. అతడు మొహమాటానికి బాగుందని చెప్పలేదు. మనుషులు చెట్లవలె తోస్తున్నారని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ప్రభువు కోపపడలేదు, మళ్లీ చెయ్యి వేశాడు. మసకగా ఉందని ఒప్పుకోవడం అవిశ్వాసం కాదు. డాక్టరు దగ్గరకు పోవడమూ అవిశ్వాసం కాదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే కదా.

కాబట్టి బిడ్డలారా, ఈసారి ఊరికి వచ్చినప్పుడు డబ్బా తేవద్దు, ఒకరోజు ఎక్కువ సెలవు తెండి. షుగరున్న అమ్మానాన్నలకు ఏడాదికొకసారి చుక్కలు వేయించి రెటీనా చూపించండి. ఒక్కో కన్ను మూయించి కిటికీ కమ్మీలు చూడమనండి. మగ్గం ఉన్నవారు పడుగు దారాలు చూడమనండి. తిన్నని గీత వంకరగా కనబడితే ఆగవద్దు. పొలం గట్టున దొరికే మునగాకు, తోటకూర, పొన్నగంటి కూర జొన్నరొట్టెతో తినమనండి, ల్యూటిన్ ఆకుకూరల్లోనే ఉంది. క్యాప్సూలు కావాలో వద్దో కంటి డాక్టరు చెప్పనీ.

ప్రార్థిద్దాం. ప్రభువా, మా పెద్దల చూపును నీ చేతికి అప్పగిస్తున్నాం. దూరంలో ఉన్న బిడ్డలకు వచ్చే వీలు, తెలుసుకునే మనసు దయచేయి. చూపు తగ్గినవారికి చేయి అందించే వారిగా మమ్మల్ని ఉంచు. యేసు నామంలో, ఆమేన్.