చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలి?



ఈ మధ్య మీలో చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, మోకాళ్ల నొప్పులకు ఫిజియోథెరపీకి పొమ్మంటాండ్రు. పోవచ్చునా? పోతే విశ్వాసం తక్కువైనట్టా?" పోవచ్చు. ఒక్క మాటలో జవాబు అదే. కానీ ఆ ఒక్క మాట మా నోటి నుంచి రావడానికి మూడేళ్లు పట్టింది. మధ్యలో మేము చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టుకొని మీకు సలహాలు ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయడం లేదు గానీ, ఆయనను అడిగే ఇది రాస్తున్నాము. ముప్పై ఏళ్లకు పైగా బావిలో కోల్ ఫిల్లర్‌గా చేశారు. తట్టా చెమ్మస్ పని అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. నడుం వంచి చెమ్మస్‌తో బొగ్గు ఎత్తాలి, తట్ట నిండాక మోసుకుపోయి టబ్బులో పొయ్యాలి, మళ్లీ వంగాలి. షిఫ్టు దిగాక ఏటవాలు దారి ఎక్కి పైకి రావాలి. ఇప్పుడు ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. డంపర్ నడిపే తమ్ముళ్లకు తట్ట మోసే బాధ లేదు గానీ, షిఫ్టంతా సీటు కింద నుంచి వచ్చే కుదుపు నడుముకు తగులుతూనే ఉంటుంది. ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచి సెంటినరీ కాలనీ దాకా మేము ప్రార్థనకు వెళ్లిన ఇళ్లలో నడుమో మోకాలో పట్టుకోని ఇల్లు అరుదు.

మూడేళ్ల కిందట ఒక ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాము. పెద్దాయన కర్ర పట్టుకొని వచ్చారు. నూనె రాశాము, చేతులుంచి ప్రార్థించాము. పాటలు జోరుగా సాగుతున్నాయి, అందరి కళ్లూ మా మీదే. ఆ ఊపులో "ఆ కర్ర పక్కన పెట్టి లేవండి, విశ్వాసముతో నడవండి" అన్నాము. లేచారు. నాలుగడుగులు వేశారు. ఇల్లంతా హల్లెలూయా అని మారుమోగింది. ఎవరో ఫోన్‌లో వీడియో కూడా తీశారు.

తర్వాతి ఆదివారం ఆయన మందిరానికి రాలేదు. ఆ పై వారమూ లేదు. నెల దాటింది. మేము చేసిన పని ఏమిటంటే, పేరు చెప్పకుండా ప్రసంగంలో ఒక చురక వేశాము, మేలు పొందినవాళ్లు దేవుణ్ణి ఎంత త్వరగా మరిచిపోతారో చూడండని. పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడే అన్న సంగతి కూడా ఎత్తి చెప్పాము.

ఆ వారంలోనే మా ఇంటి అమ్మగారు వాళ్లింటికి వెళ్లి వచ్చింది. ఆయన భార్య చెప్పిన మాట చెప్పినట్టే మాకు చెప్పింది: "ఆ రాత్రికే మోకాలు కుండ లెక్క వాచింది అమ్మగారూ. కర్ర లేకుంటే నడవరాదు. కర్ర పట్టుకొని మందిరానికొస్తే అయ్యగారి మాట పోతదని ఇంట్లనే పండుకుంటాండు."

మేము అన్నం ముందు కూర్చొని ఉన్నాము. తినలేకపోయాము.

మర్నాడు వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన మాకు కుర్చీ వేయడానికి మంచం పట్టుకొని లేవబోయారు. "గదేంది అయ్యగారూ, మీరు ప్రార్థన జేసిండ్రు, నేను నడిచిన, గంతే" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. తలగడ పక్కన గోళీల కవరు కనబడింది. నొప్పి ఆగడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకొని రోజుకు మూడు వేసుకుంటున్నారట. కడుపులో మంట, కాళ్లకు వాపు. నొప్పి గోళీలు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. చాటుగా వేసుకున్నారు కాబట్టి ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్లే లేకపోయారు. చాటుకు కారణం మేమే.

సెమినరీలో డిప్లొమా చదివేటప్పుడు గ్రీకు క్రియాపదాలు నేర్పారు గానీ మోకాలి చిప్ప గురించి ఎవరూ నేర్పలేదు. అందుకని ముందు డాక్టరుకు చూపించి, ఆయన రాసిచ్చిన చీటీతో ఫిజియోథెరపీకి మేమే వెంటబెట్టుకొని పోయాము. అక్కడున్నది మన మనవరాలి వయసు అమ్మాయి. ఆమె ముందు చూసింది మోకాలిని కాదు, కర్రను. నొప్పి కుడి మోకాలికి, కర్ర కూడా కుడిచేతిలోనే. "తాతా, నొప్పి ఏ కాలికుంటే దానికి అవతలి చేతిలో కర్ర పట్టుకోవాలె" అని ఎడమచేతికి మార్చింది. అలా పట్టుకుంటే నొప్పి ఉన్న కాలూ కర్రా ఒకేసారి ముందుకు పడతాయి, బరువు రెండింటి మీదా పంచుకుంటుంది. అయిదారేళ్లుగా ఆయన కర్రను తప్పు చేతిలో పట్టుకొని నడుస్తున్నారు. మేము దాన్ని పారేయమన్నాము. సరిగ్గా పట్టుకోవడం నేర్పింది ఆ పిల్ల.

తర్వాత వ్యాయామాలు చెప్పింది. కుర్చీలో కూర్చొని కాలు చాచి, తొడ కండ బిగబట్టి అయిదు లెక్కపెట్టి దించాలి. పడుకొని మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టుకొని దాన్ని కిందికి అదమాలి. అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు గానీ, తొడ కండకు బలం వస్తే కీలు మీద పడే భారాన్ని ఆ కండ కొంత మోస్తుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గినా నడిచేటప్పుడు అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుందట. పెద్దాయనకు అంకెలతో లెక్క నచ్చలేదు. "ఒక టబ్బు, రెండు టబ్బులు" అని లెక్కపెట్టుకుంటూ చేస్తారు. పది టబ్బులైతే ఆ కాలికి షిఫ్టు అయిపోయినట్టు.

మా నడుం సంగతి కూడా చెప్పాలి. గుంతల రోడ్ల మీద మోటారు సైకిల్‌పై ఊళ్లు తిరిగి తిరిగి మాకూ పట్టుకుంది. బెల్టు కొనుక్కున్నాము. ఆరు నెలలు కట్టుకున్నాక మా డాక్టరు చెప్పారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి గురించి మార్గదర్శకాలు ఇచ్చిందని. ప్రత్యేకమైన జబ్బేదీ కారణంగా కనబడని నొప్పుల గురించి అవి. వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, మర్దన లాంటివాటికి అందులో చోటుంది. నడుం బెల్టులు, నడుమును లాగి పట్టే ట్రాక్షన్ మాత్రం మామూలుగా వద్దన్నారు. మా బెల్టు ఇప్పుడు మేకుకు వేలాడుతోంది. ఇంకో సంగతి, 2020 నాటికి ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందని ఆ సంస్థే లెక్క చెప్పింది. దాదాపు పదమూడు మందిలో ఒకరికి. వాళ్లందరిదీ అవిశ్వాసమే అనడానికి ఇప్పుడు మాకు నోరు రాదు.

మరి మన ఇళ్లలో చేసే గల్లుప్పు మూట కాపడం, వావిలాకు వేసి మరిగించిన నీళ్లు, నువ్వుల నూనె మర్దన ఇవన్నీ ఉత్తవేనా అని అక్కలు అడుగుతారు. ఉత్తవి కావు. వేడి తగిలితే బిగుసుకున్న కండ సడలుతుంది. ఇక మర్దన సంగతి. దెబ్బ తగిలిన చోట మన చెయ్యి దానంతటదే పోయి ఎందుకు రుద్దుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పండితులు ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉంటుందనీ, తాకిడి కబురు ముందు చేరితే నొప్పి కబురుకు ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ. బావిలో గాలి తలుపులు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒంటికి అతికించి సన్నని కరెంటు ఇచ్చే టెన్స్ మిషన్ కూడా ఆ ఆలోచనతోనే పుట్టింది. అది కొందరికి సుఖమిస్తుంది, కొందరికి ఏమీ ఇవ్వదు.

కానీ జాగ్రత్త. షుగరు ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాపడం వేడి తెలియక చర్మం కాలి పుండు పడుతుంది, ఆ పుండు మానదు. ముందు ఇంట్లో ఇంకొకరి చేతితో వేడి చూపించుకోండి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించుకునే అలవాటు మానండి, ముఖ్యంగా వయసు పైబడిన అమ్మలు. ఎముక గుల్లబారి ఉంటే వెన్నుపూస విరుగుతుంది. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పేరులేని పొడులు వద్దేవద్దు. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం దేశమంతటా పట్టుబడుతూనే ఉంది. కాళ్లు తిమ్మిరెక్కి బలం పోతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వస్తున్నా కాపడాలూ వద్దు, మా ప్రార్థన కోసం ఆగడమూ వద్దు. ఆసుపత్రికి పొండి. మేము అక్కడికే వచ్చి ప్రార్థిస్తాము.

సూది వేయించుకొని డ్యూటీకి పోయే తమ్ముళ్లకు ఒక మాట. వేలూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠరోగుల చేతులు, కాళ్లు ఎందుకు పాడవుతాయో ఏళ్ల తరబడి గమనించారు. నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ తగిలించుకొని పోగొట్టుకుంటున్నారని కనిపెట్టారు. నొప్పిని చంపి అదే నడుముతో మళ్లీ బరువెత్తితే మనమూ ఆ దారినే పోతాము.

వాక్యం సంగతికి వస్తాము. హిజ్కియాకు బతుకుతావని దేవుని మాట చెప్పిన యెషయాయే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. రెండవ రాజులు 20 తీసి చూడండి. అది మన పట్టు లాంటిదే. ఎవరి ఒంటిని తాకిన గుడ్డలతో రోగాలు పోయాయో ఆ పౌలే, తనతో తిరిగిన త్రోఫిము జబ్బు పడితే మిలేతులో ఉంచి రావలసి వచ్చింది. ఆ మాట రెండవ తిమోతి చివరి అధ్యాయంలో ఉంది. త్రోఫిముకు విశ్వాసం లేదని పౌలు రాయలేదు. ఈ రెండూ మేము ఎన్నోసార్లు చదివినవే. పెద్దాయన మోకాలు వాచేదాకా మాకు కనబడలేదు. లూకా 13లో పద్దెనిమిదేళ్లుగా నడుం వంగిపోయిన స్త్రీ కూడా సమాజమందిరానికి వంగిన నడుముతోనే వచ్చింది. మన ఇంట్లో ఆ పెద్దాయన కర్రతో రావడానికే సిగ్గుపడ్డాడు.

మేము స్వస్థత ప్రార్థనలు మానలేదు, మానము. నూనె రాయడమూ మానలేదు. కర్ర పారేయమని మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. ఆ వీడియో ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే దయచేసి తీసేయండి.

పెద్దాయన ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు. మోకాలు పూర్తిగా బాగుకాలేదు. వానాకాలంలో పట్టేస్తుంది. కర్ర ఎడమచేతిలో ఉంటుంది. ప్రార్థనకు అందరూ మోకరిస్తే ఆయన గోడ పక్క కుర్చీలో కూర్చొని తల వంచుతారు. ఆయనను చూసి ఇంకో నలుగురు అమ్మలు చాప మీద నుంచి లేచి కుర్చీల్లోకి మారారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, మీరు ఏమనుకుంటారోనని అన్నారు.

మందిరంలో కుర్చీలు ఆరే ఉన్నాయి. ఇంకా పది కావాలి. చేతులున్న కుర్చీలైతే లేవడానికి ఆనుకోను వీలుంటుంది. ఇవ్వగలిగినవాళ్లు శనివారం సాయంత్రం లోపల తెచ్చి ఇవ్వండి. తాళం అమ్మగారి దగ్గర ఉంటుంది.