కాళన్న ఊళ్లో కాల్హేర్ తెలుగు

కాల్హేర్‌లో మా ఇంటికి రెండు గోడల అవతలే సాంచాల (మరమగ్గాల) కార్ఖానా. రాత్రంతా ఆ టకటక వినబడుతుంటేనే మాకు నిద్ర. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. ఠాణా నుంచి కశేళి వంతెన దాటి భివండి వైపు వచ్చే దారిలో గోదాముల మధ్య ఉంటుంది మా ఊరు. మా బాపు పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడే సాంచాలు నడిపాడు. నేను ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదువుకున్నాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది బాపే. రాత్రి పాళీ దిగి వచ్చి, పగారు లెక్కలు రాసుకునే పుస్తకం వెనక పేజీల మీద దిద్దించేవాడు. ఆయన ట్రంకుపెట్టెలో ఒకే ఒక్క తెలుగు పుస్తకం ఉండేది. అది కవి కాళోజీ నారాయణరావు రాసిన 'నా గొడవ'.

ఆ పుస్తకం రాసినాయన తిరిగిన వరంగల్ చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నా, ఇన్నాళ్లకు నన్ను కదిలించింది నా పదేళ్ల కూతురు. ఒకరోజు ఫోన్‌లో ఊళ్లోని బంధువుతో "ఉద్యా మాకు సుట్టి" అంది. రేపు మాకు సెలవని చెప్పడం. అవతలి వాళ్లు "ఇదేం తెలుగే!" అని పకపకా నవ్వారు. వాళ్లు నవ్వింది ప్రేమతోనే కావచ్చు. పిల్ల మాత్రం ఆ రోజు నుంచి ఊరి ఫోను వస్తే పక్క గదిలోకి వెళ్లిపోతోంది. అందుకే సెప్టెంబరు 8న కల్యాణ్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్లాను. మర్నాడు, 9న, కాళోజీ జయంతి. తెలంగాణ భాషా దినోత్సవం కూడా అదే రోజు.

పొద్దున కాజీపేటలో దిగి ముందు మడికొండ వెళ్లాం. హైదరాబాదు రోడ్డు మీద, మెట్టుగుట్ట నీడన ఉన్న ఊరు. కాళోజీ పెరిగింది ఇక్కడే. దారిలో పిల్లకు ఆయన కథ చెప్పాను. 1914 సెప్టెంబరు 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తండ్రి రంగారావు మరాఠీ మూలాలున్నవారు, తల్లి రమాబాయి కన్నడిగురాలు. నిజాం రాజ్యంలో పై చదువు సాగింది ఉర్దూలో. అన్న రామేశ్వరరావు 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశారు. తమ్ముడు మాత్రం తెలుగు కవి అయ్యారు. కన్నవాళ్లిద్దరి భాషా తెలుగు కాదు. చుట్టూ ఉన్న మనుషుల బాధ తెలుగులో వినబడింది కనుక ఆయన గొడవ తెలుగులో పుట్టింది.

పిల్ల కాసేపు ఆలోచించి, "అంటే ఆయన ఇంట్లో మరాఠీ కూడా ఉందా పప్పా?" అని అడిగింది. ఉందన్నాను. బయల్దేరిన తర్వాత దాని ముఖం అప్పుడే కొంచెం తేటపడింది.

ఊరి పక్కనే టెక్స్‌టైల్ పార్కు. గేటు దగ్గరికి రాకముందే మా చెవులకు తెలిసిపోయింది, అదే టకటక. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఒకప్పుడు వరంగల్‌లో వేల కుటుంబాలకు కూడు పెట్టింది. ఆ మిల్లు చితికిపోయి మూతపడింది. చేనేతకు గిరాకీ తగ్గింది. ఈ జిల్లా పద్మశాలీలు సూరత్‌కు, భివండికి, సోలాపూర్‌కు చెదిరిపోయారు. అలా వెళ్లినవాళ్లు తిరిగొచ్చి సొంతంగా మగ్గాలు పెట్టుకోవాలన్న ఆశ మీద లేచినవి మడికొండ షెడ్లు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వెనక ఉన్నదీ అదే ఆశ.

ఒక షెడ్డులో నాలుగు సాంచాలు చూసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచాడు.

"ఏడికెళ్లి వచ్చిన్రు తమ్మీ?"

"భివండి నుంచి కాకా. కాల్హేర్."

ఆయన సాంచా ఆపేశాడు. "పద్మానగర్ల పన్నెండేండ్లు ఉన్న నేను. మార్కండేయ గుడి ఎనక సందుల ఖోలీ. కాల్హేర్‌ల గూడ ఒక సేటు కాడ కొన్ని దినాలు చేసిన." తెగిన పోగు ముడేస్తూ పిల్ల వైపు తిరిగి, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు.

పిల్ల నా వైపు చూసి నెమ్మదిగా "పాచవీ" అంది. ఐదో తరగతి అనే మాట దానికి మరాఠీలోనే అలవాటు.

ఆయన నవ్వలేదు. "మా పెద్దోడు గూడ గట్లనే అంటుండె. ఆడ పుట్టిన పోరగాండ్లు ఆడి మాటలే అంటరు. ఏమైతది? కాళన్న అన్నీ మాట్లాడెటోడు. మా తోని మాత్రం మా లెక్కనే మాట్లాడెటోడు" అన్నాడు.

వరంగల్లో ఎవరిని అడిగినా కాళోజీ గారు అనరు, కాళన్న అంటారు. ఒక మనిషిని ఊరు తన ఇంటివాడిగా చేసుకుందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

మధ్యాహ్నానికి హనుమకొండ చేరాం. నక్కలగుట్టలో కూడలికి ఆయన పేరే, కాళోజీ జంక్షన్. విగ్రహం మెడలో తాజా పూలదండలు. ఎండలో ఆటోలు, స్కూటర్లు దాన్ని చుట్టి పోతున్నాయి. అక్కడి నుంచి బాలసముద్రంలోని కాళోజీ కళాక్షేత్రానికి వెళ్లాం. 2014 సెప్టెంబరు 9న, ఆయన నూరేళ్ల జయంతి నాడు, దీనికి పునాదిరాయి పడింది. 2024 నవంబరు 19న తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్లు పట్టినా, ఒక కవి పేరు మీద నగరం నడిబొడ్డున ఇంత పెద్ద మందిరం నిలబడడం తెలుగునాట అరుదు. పిల్ల మెట్ల మీద నిలబడి పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. 'క్షే' దగ్గర ఆగితే నేను అందించాను.

నన్ను ఎక్కువగా కదిలించినవి మాత్రం ఇంకో రెండు చోట్లు. మొదటిది ఆయన పేరున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం. తెలంగాణలో వైద్యం చదివే చాలామంది విద్యార్థుల పట్టాల మీద కాళోజీ నారాయణరావు పేరు ఉంటుంది. రెండోది కాకతీయ వైద్య కళాశాల. 2002 నవంబరు 13న కాళోజీ కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని ఈ కళాశాలకు అప్పగించారు. జీవితమంతా జనం కోసం మాట్లాడిన మనిషి, చివరికి తన ఒంటిని కూడా పిల్లల చదువుకు ఇచ్చేశారు. 1992లో వచ్చిన పద్మవిభూషణ్ కన్నా ఈ దానమే ఆయన ఏమిటో బాగా చెబుతుందని నాకు అనిపించింది. ఆ గేటు ముందు మేమిద్దరం కాసేపు మౌనంగా నిలబడ్డాం.

కాళోజీని తలుచుకోవడమంటే ఆయన పోట్లాడిన సంగతిని తలుచుకోవడం. నిజాం పాలనను ఎదిరించి జైలుకు వెళ్లారు, నగర బహిష్కరణ అనుభవించారు. 1953 జనవరిలో అలంపురంలో సారస్వత పరిషత్తు సభల్లో 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించారు. పుస్తకానికి ఆ పేరు పెట్టడంలోనే ఆయన దారి తెలుస్తుంది. గొడవ అనేది వీధి మాట. ఇంట్లో, అంగట్లో, పొలంలో జనం నోట ఉన్న తెలుగే అసలు తెలుగని, దాన్ని తక్కువ చేసి చూడడం ఆ మనుషులను తక్కువ చేయడమేనని ఆయన వాదించారు. తెలంగాణ యాసను వెక్కిరించే కాలంలో ఆ యాసలోనే రాశారు. తెలుగువాడై ఉండి తెలుగు పలకడానికి సిగ్గుపడేవాళ్లను ఘాటుగా మందలించారు.

ఆ మాటను భివండి తెలుగుకు కూడా వర్తింపజేయాలని నేను నమ్ముతున్నాను. జీతానికి పగారు, సెలవుకు సుట్టి, గదికి ఖోలీ, షిఫ్టుకు పాళీ, ఇవి మా పనిలో, మా బతుకులో ఉన్న మాటలు. సాంచా అనే మాటే మరాఠీ, హిందీల నుంచి వచ్చింది. ఈ రోజు అది మడికొండలోనూ సిరిసిల్లలోనూ తెలుగు మాటే. కూలి కోసం వందల మైళ్లు దాటిన మనుషులు దారిలో దొరికిన మాటలను మూటగట్టుకుంటారు. అందులో తప్పేం లేదు. మాకు నిజంగా ఉన్న ముప్పు వేరు. నవ్వుతారన్న భయంతో పిల్లలు నోరు మూసుకుంటున్నారు. నోట ఉన్న తెలుగుకు అక్షరం తోడు లేక రాత మా బాపు తరంతోనే ఆగిపోతోంది.

సాయంత్రం వరంగల్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పిల్ల నా ఫోను అడిగి తీసుకుంది. తనే ఊరికి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, మేము కాళన్న ఊరు చూసినం. ఉద్యా ఇంటికి చేరుతం" అంది. ఉద్యా అన్న చోట గొంతు తగ్గించలేదు. అవతల మా అత్త "మంచిది బిడ్డా, పైలం" అంది.

కాల్హేర్, పద్మానగర్, కామత్‌ఘర్‌లలోని తెలుగు తల్లిదండ్రులకు నాదొక విన్నపం. వచ్చే సెప్టెంబరు 9న విగ్రహం, దండ లేకపోయినా ఫర్వాలేదు. మీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లోని అవ్వకో తాతకో ఒక ఉత్తరం రాయించండి. పిల్ల మాట్లాడినట్టే రాయనివ్వండి, మరాఠీ మాట వస్తే కొట్టేయకండి. అక్షరం రాకపోతే ఆ రోజే అఆలు మొదలుపెట్టండి. ఊళ్లో ఉన్న బంధువులకూ ఒక మాట: ఆ ఉత్తరం అందినప్పుడు నవ్వకండి, జవాబు రాయండి.