కీని వదులుకొన్న పరిహారం

1981 మార్చి 1, ఆదివారం. ఆనాడు బార్సిలోనా జట్టు ఎర్క్యులెస్ జట్టును 6–0 తేడాతో ఓడించింది. అందులో రెండు గోల్స్ చేసిన ఎన్రికె కాస్ట్రో, ఆట ముగిసిన తరువాత తన కుటుంబాన్ని తీసుకొని రావడానికి విమానాశ్రయానికి బయలుదేరాడు. అక్కడికి చేరలేదు. దుండగులు తుపాకి చూపి ఆయనను ఎత్తుకొనిపోయారు.

సరిగా ఆరు రోజుల క్రితమే, ఫిబ్రవరి 23న, సాయుధులైన సివిల్ గార్డులు మాడ్రిడ్‌లోని పార్లమెంటు భవనంలోకి చొరబడి, సభ్యులను రాత్రంతా నిర్బంధించారు. ఆ కుట్ర విఫలమైనా దేశం గుండెదడ ఇంకా తగ్గలేదు. అటువంటి సమయంలో దేశంలోకెల్లా ఎక్కువ గోల్స్ చేసే ఆటగాడు మాయమైతే జనం ఎన్ని విధాల భయపడి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఎన్రికె కాస్ట్రో అంటే స్పెయిన్‌లో కూడా వెంటనే తెలియకపోవచ్చును. 'కీని' అంటేనే అందరికీ తెలుస్తుంది. ఉత్తరాన, సముద్రపు ఒడ్డున, బొగ్గుకూ ఉక్కుకూ పేరుపడిన అస్తూరియాస్ ప్రాంతంలో 1949లో జన్మించాడు. ఒక ఉక్కు కర్మాగారపు జట్టులో ఆట నేర్చి, 1968లో హిహోన్ పట్టణంలోని స్పోర్టింగ్ జట్టులో చేరాడు. అక్కడ పన్నెండేళ్లు ఆడాడు. గోల్ ముందు ఎక్కడినుండి ఊడిపడేవాడో ప్రత్యర్థులకు తెలిసేది కాదు. అందుకే అభిమానులు 'మంత్రగాడు' అన్నారు. ఏడాదిలో అత్యధికంగా గోల్స్ చేసినవారికి ఇచ్చే 'పిచీచి' బహుమతిని మొదటి డివిజన్‌లో అయిదుసార్లు, రెండవ డివిజన్‌లో రెండుసార్లు గెలుచుకొన్నాడు. పెద్ద జట్టయిన బార్సిలోనాలో చేరేనాటికి, 1980లో, ఆయనకు దాదాపు ముప్ఫైయొకటి. ఆటగాళ్లు సాధారణంగా విశ్రాంతిని గురించి ఆలోచించే వయస్సు అది.

ఎత్తుకొనిపోయినవారు పది కోట్ల పెసెటాలు అడిగారు. సొమ్ము స్విట్జర్లాండ్ బ్యాంకు ఖాతాలో వేయాలన్నారు. అదే వారి కొంప ముంచింది. స్పానిష్ పోలీసులు స్విస్ పోలీసుల సాయంతో ఆ ఖాతా జాడ పట్టి, ఒకణ్ణి అరెస్టు చేశారు. అతని ద్వారా మిగిలిన కథ బయటపడింది. మార్చి 25న, సరగోసా నగరంలో, ఒక మెకానిక్ షెడ్డు కింద ఉన్న ఇరుకు గదిలో కీని ప్రాణాలతో దొరికాడు. ఇరవై అయిదు రోజులు సూర్యుణ్ణి చూడలేదు. ఆ రాత్రే స్పెయిన్ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 2–1 తేడాతో ఓడించింది. దేశానికి ఒకే రాత్రి రెండు శుభవార్తలు!

దోషులెవరయ్యా అంటే కరుడుగట్టిన నేరస్థులు కారు, తీవ్రవాదులు అసలే కారు. పని లేక అప్పులలో కూరుకుపోయిన ముగ్గురు సామాన్యులు.

కీని వారిపై ఫిర్యాదు చేయనన్నాడు. చట్టం తన పని తాను చేసింది. పదేళ్ల చొప్పున శిక్ష పడింది. కీనికి యాభై లక్షల పెసెటాలు పరిహారంగా ఇవ్వాలని కూడా న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ సొమ్ము ఆయన పుచ్చుకోలేదు.

నేను ఈ కథలో ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. మా అమ్మాయి పెళ్లి కోసం కూడబెట్టిన చీటీ డబ్బు మింగి ఒకాయన ఊరు విడిచిపోయాడు. ఆయన పేరెందుకు? పదకొండేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్నాను. ఒకనాడు కోర్టు వరండాలో ఆయన నా ఎదుటనే, మాసిన చొక్కాతో, టిఫిను డబ్బా విప్పుకొని పెరుగన్నం తింటున్నాడు. జాలి కలిగింది. కాని కేసు వదులుకోలేదు. వదులుకొనే ఉద్దేశం నేటికీ లేదు. ఆ డబ్బు వెనుక మా ఆవిడ అమ్ముకొన్న గాజులున్నాయి. కీని సంపన్నుడు గనుక వదులుకోగలిగాడని ఒక మిత్రుడన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. డబ్బున్నవారందరూ వదులుకొంటున్నారా? పైగా ఆయన పోగొట్టుకొన్నది డబ్బు కాదు గదా, ఇరవై అయిదు పగళ్లు, ఇరవై అయిదు రాత్రులు. వాటికి ఎవరు వెల కడతారు?

ఆయన లేనన్నాళ్లూ బార్సిలోనా ఒక్క ఆట కూడా గెలవలేకపోయింది. లీగ్ విజేత కిరీటం చేజారింది. అయినా ఆ ఏడాది కూడా 20 గోల్స్‌తో పిచీచి కీనిదే. జూన్ 18న స్పానిష్ కప్ ఫైనల్‌లో ఎదురైనది ఎవరనుకొన్నారు? తన పాత జట్టు స్పోర్టింగే. బార్సిలోనా 3–1తో గెలిచింది. రెండు గోల్స్ కీనివి. ఆ మరుసటి ఏట యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌లోనూ ఆయన గోల్ చేశాడు.

1984లో హిహోన్‌కు తిరిగి వచ్చి, 1987లో ఆట విరమించాడు. కాని విధి ఆ ఇంటిని వదలలేదు. తమ్ముడు హెసూస్ కాస్ట్రో స్పోర్టింగ్ జట్టుకే గోల్‌కీపరుగా పనిచేసినవాడు. 1993 జులైలో కాంటాబ్రియా తీరాన, సముద్రంలో మునిగిపోతున్న పిల్లలను ఒడ్డుకు చేర్చి, తాను మునిగిపోయాడు. తరువాత కీనికి గొంతు క్యాన్సర్ వచ్చింది. దానినుండి కోలుకొని జట్టు ప్రతినిధిగా మళ్లీ మైదానానికి వచ్చాడు.

2018 ఫిబ్రవరి 27న హిహోన్ వీధిలో గుండె ఆగి మరణించాడు. వయస్సు 68. ఆయన శవపేటికను ఎల్ మొలినోన్ మైదానానికి తెచ్చి, గడ్డి మీద ఉంచి, ప్రార్థన చేశారు. ఆ ఏడాదే మైదానానికి ఆయన పేరు చేర్చారు. ఇప్పుడు హిహోన్‌లో ఆట చూడబోయేవారు ఎల్ మొలినోన్ – ఎన్రికె కాస్ట్రో 'కీని' అని రాసి ఉన్న ద్వారం గుండా లోపలికి పోతున్నారు.