బ్రాడ్ స్ట్రీట్ వంతెన

మా అబ్బాయి గదిలోంచి వచ్చే హెవీ మెటల్ మోత మీద రెండేళ్ళుగా ఇంట్లో తగాదాలే. చివరికి వాడి పోరు పడలేక మొన్న సెలవుల్లో బర్మింగ్‌హామ్ వెళ్ళాము. న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే బ్రాడ్ స్ట్రీట్. అక్కడ కాలువ మీది వంతెనకు 2019లో బ్లాక్ సబాత్ బృందం పేరు పెట్టారు. నలుగురి బొమ్మలతో ఒక బెంచీ కూడా ఉంది. 2025 జూలైలో గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయినప్పుడు అభిమానులు ఇక్కడే పూలు పోశారు.

నలుగురూ ఈ ఊళ్ళోని ఆస్టన్ పేట పిల్లలే. గిటారు వాయించే టోనీ అయోమీకి పదిహేడో ఏట, రేకుల ఫ్యాక్టరీలో, అదీ పని మానేస్తున్న రోజున, మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కేది ఆ వేళ్ళతోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు కట్టాడు. 1971 నాటికి శ్రుతిని మూడు స్వరస్థానాలు దించాడు. ఆ బరువైన నాదంలో ఈ తంటాల పాలు చాలా ఉంది. మాలో ఒకరిది ఎముకల వైద్యమే కావడాన ఇక్కడ మావాడిని ఆపి ఆపి అడిగాము. ఇంతసేపు వాడు మాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

జూడాస్ ప్రీస్ట్ కూడా ఈ ప్రాంతం వారే. దగ్గరలోని మెరిడెన్ గ్రామంలో పుట్టిన నేపామ్ డెత్ వారి 1987 నాటి 'స్కమ్' ఆల్బమ్ గ్రైండ్‌కోర్ అనే శాఖకు మొదటి మెట్టు. అందులో ఒక పాట నిడివి సెకనున్నర కూడా లేదు! అదీ ఒక పాటేనా అంటే మావాడు నవ్వాడు.

తిరుగు రైల్లో వాడి హెడ్‌ఫోన్లు అడిగి పెట్టుకున్నాము. పది నిమిషాలు ఓర్చాము.