తంపర దారిలో తేలినీలాపురం

శ్రీకాకుళం దాటి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి పట్టుకుంటే మడపాం దగ్గర వంశధార ఎదురవుతుంది. వానాకాలం ఎర్రగా, గట్లొరుసుకుని పారే నది, వేసవికి ఇసుక మేటల మధ్య సన్నపాయలైపోతుంది. నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి దాటాక పెద్దరోడ్డు వదిలి నౌపడ వైపు తిరిగితే తేలినీలాపురం.

పక్షుల కేంద్రం చిన్నదే. అటవీశాఖ వాచ్‌టవర్, మ్యూజియం, పక్కనే ఊరు. అసలు కేంద్రం చింతచెట్లూ తుమ్మచెట్లే. వానలు వెనకబట్టే వేళకు పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటిమీద గూళ్లు కడతాయి. రెట్టతో ఆకులు తెల్లబడతాయి, చేపల నీచు గాలంతా పట్టేస్తుంది. తల్లి పెలికాన్ వాలగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది. కొంగ అయితే తెచ్చిన చేపల్ని గూట్లో కక్కుతుంది, పిల్లలు ఏరుకుంటాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. గుడ్లు పెట్టేదీ, పిల్లల్ని పెంచేదీ ఇక్కడే. అందుకే "పురిటికొచ్చిన ఆడపిల్లలు బాబూ" అనే ఊరివాళ్ల మాటే నాకు సరైనదనిపిస్తుంది. గూళ్లున్న చెట్టు మీద వాళ్లు గొడ్డలి వెయ్యరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. చెట్టు పోతే మళ్లీ నాటుకోవచ్చు. పక్షులకు మేత పోతేనే కష్టం. ఆ మేత కేంద్రం కంచె లోపల లేదు, ఇంకా కింద, నౌపడ ఉప్పుమడుల అవతల కాకరాపల్లి తంపరలో ఉంది. వాననీరూ సముద్రపు పోటునీరూ కలిసే ఆ పల్లంలో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలూ ఉన్నాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టడాన్ని రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం మనుషుల కోసమే జరిగినా, పక్షులు ఏరుకునేదీ ఆ నీళ్లలోనే. చెట్లకు కాపలా పెట్టి తంపరను వదిలేస్తే అది పక్షుల రక్షణ ఎలా అవుతుంది? ఉత్సవాలకూ బోర్డులకూ పెట్టే ఖర్చుకన్నా ముందు ఆ పల్లంలోకి నీరు వచ్చే దారులు మూసుకుపోకుండా చూడాలి.

మళ్లీ పెద్దరోడ్డెక్కి ముందుకెళితే, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో తొలకరికే ముక్కు మధ్య సందుండే ఓపెన్‌బిల్ కొంగలు దిగుతాయి. అక్కడా గూళ్లు ఊరి చెట్ల మీదే, మేత మాత్రం బయట వరిమళ్లలోని నత్తలు.