పన్నెండు బొమ్మలు

పాతసామాన్ల మీద ప్రేమ మా వీధిలో ఇద్దరికే ఉంది. ఒకరు సైకిలు మీదొచ్చే పాతసామాన్లతను, రెండోది ఫోటోగ్రఫీ చదువుతున్న మా అమ్మాయి. నేను అతనికి వేసేస్తుంటాను, ఇది కొనుక్కొస్తుంటుంది!

మొన్న హన్మకొండలో ఓ పాతసామాన్ల కొట్లోంచి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా తెచ్చింది. ఒకప్పుడు బరోడాలో తయారైన డబ్బా. 120 నంబరు ఫిల్ము వేస్తే 12 బొమ్మలు, అంతే.

"సెల్లులో వెయ్యి తీయచ్చు కదనే!" అన్నాను.

"పన్నెండే ఉంటే, తియ్యాల్నా వద్దా అని ఆలోచిస్తమమ్మా."

ఓరుగల్లులో బొమ్మలకేం కరువు? 1163 నాటి వేయిస్తంభాల గుడి ఉంది, కోటలో కీర్తితోరణాలున్నాయి. కానీ మన వరంగల్లు భరత్ భూషణ్ గారు, 2022లో పోయారు పాపం, బతుకమ్మల్నీ పల్లె బతుకునీ తీసిన ఫోటోలంటే దీనికి ప్రాణం. అందుకే గుడికీ కోటకీ చెరొకటే ఇచ్చింది. దండెం మీది చీరలకి రెండు. మిగతావన్నీ తంగేడు, గునుగు పేర్చే మా అత్తమ్మ చేతులకే.

మా ఆల్బంలో అత్తమ్మవి మూడే ఫోటోలు, మూడింట్లోనూ ఎవరి వెనకాలో! ఈ ఏడు ఆ చేతులు వణుకుతున్నాయి. మీదటేడు పేర్చగలదో లేదో.

మీ ఆల్బం కూడా ఓసారి తీసి చూడండి.

ఇంకొక్క బొమ్మ మిగిలింది. అది నాకట. చీర మార్చుకొస్తానంటే మాత్రం ఒప్పుకోవడం లేదు!