మైదానం దాకా తోడు

2025 నవంబరు 2వ తేదీ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. నవీ ముంబయిలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, తొలిసారి ప్రపంచకప్ గెలుచుకొన్నది. తొమ్మిదో తరగతి చదువుతున్న నా కూతురు టీవీ ముందు నుంచి కదలలేదు. ఆ పోటీలలో 14 వికెట్లు తీసిన శ్రీచరణిది కడప జిల్లాలోని ఒక పల్లెటూరని తెలిసిన క్షణం నుంచి దాని కళ్లలో ఏదో వెలుగు.

"అబ్బా, ఆ అక్కది కూడా మన వీరులపాడు లాంటి ఊరేనట కదా! ఎంపిక పోటీలు పెడితే నన్ను పంపిస్తారా?" అని అడిగింది.

"ముందు పడుకో, పొద్దున మాట్లాడుకుందాం" అన్నాను. నాకు మాత్రం నిద్ర రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఇదే ఇంట్లో ఇలాంటి ప్రశ్నే మరొక ఆడపిల్ల నన్ను అడిగింది. ఆనాడు నేనిచ్చిన జవాబు గుర్తుకు వచ్చింది.

ఆమె నా చెల్లెలు. అప్పటికి మా నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకొని రెండేళ్లయింది. నాకు ఇరవై ఏళ్లు, దానికి పదమూడు. మాది కృష్ణా మెట్ట ప్రాంతం. పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. మిరపకాయలు ఇంకా రాని ఖాళీ కల్లంలో మేము వేపచెక్క బ్యాటుతో, రబ్బరు బంతితో ఆడేవాళ్లం. చెల్లెలు వేసిన బంతి నేలను తాకి ఎటు తిరుగుతుందో మా స్నేహితులలో ఒక్కరికీ అంతుపట్టేది కాదు.

1997 డిసెంబరులో మహిళల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. అందులో ఒక మ్యాచ్ విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియానికి వచ్చింది. ఇంగ్లండు, పాకిస్తాన్ తలపడుతున్నాయి. పత్రికలో ఆ వార్త చూసి చెల్లెలు పరుగున వచ్చింది. "భాయ్, ఆడవాళ్ల క్రికెట్ అట! మన ముస్లిం అమ్మాయిలు కూడా ఆడుతున్నారట! ఒక్కసారి తీసుకెళ్లవా?"

నేను వద్దన్నాను. ఆడపిల్లను స్టేడియానికి తీసుకెళితే నలుగురూ ఏమనుకుంటారన్నది నేను పైకి చెప్పిన కారణం. చెప్పని కారణం ఇంకొకటి ఉన్నది. పాకిస్తాన్ ఆట చూడటానికి వెళ్లారని ఊళ్లో ఎవరైనా ఒక మాట అంటే? ఈ దేశంలో పుట్టి, ఈ మట్టినే ప్రేమించే మనకు ఆ మాట ఎంత నొప్పి కలిగిస్తుందో పాఠకులకు వివరించనక్కరలేదు. ఆ భయాన్ని ఒప్పుకొనే ధైర్యం లేక, అన్నగా నాకున్న అధికారాన్ని అడ్డం పెట్టుకొన్నాను.

ఆ మ్యాచ్‌లో ఇంగ్లండు రెండే వికెట్లు కోల్పోయి 376 పరుగులు చేసింది. 230 పరుగుల తేడాతో గెలిచింది. మర్నాడు పత్రికలో ఆ అంకెలు చూపి, "చూశావా, చిత్తుగా ఓడిపోయారు. వెళ్లి ఏం చూసేదానివి?" అన్నాను. చెల్లెలు కాసేపు ఆ పత్రికనే చూసి, "అయినా ఆడారు కదా భాయ్" అన్నది. ఆ తర్వాత అది కల్లంలోకి రావడం మానేసింది. మూడేళ్లకు జగ్గయ్యపేటలో సంబంధం కుదిరి అత్తవారింటికి వెళ్లిపోయింది.

ఆ జట్టు నాయకురాలు షైజా ఖాన్, ఆమె చెల్లెలు షర్మీన్ ఖాన్ సొంత దేశంలో బెదిరింపులనూ కోర్టు కేసులనూ తట్టుకొని జట్టును నిలబెట్టారని నేను చాలా కాలం తర్వాత చదివాను. నా చెల్లెలు అన్న ఆ చిన్నమాట బరువు అప్పుడే తెలిసింది.

నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ని. ప్రపంచకప్ గెలిచిన రాత్రి తర్వాత, కూతురికి జవాబు చెప్పే ముందు విషయం తెలుసుకోవాలని మన రాష్ట్ర మహిళా క్రికెట్ చరిత్రను వెతికి చదివాను. చదివిన కొద్దీ నా అజ్ఞానానికి సిగ్గుపడ్డాను.

మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం 1973లో లక్నోలో రిజిస్టరయింది. దాని తొలి అధ్యక్షురాలు బేగం హమీదా హబీబుల్లాహ్. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కుమార్తెగా హైదరాబాదులో పెరిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన మహిళ. ఆడపిల్లల క్రికెట్ మనకు పరాయిదని అనుకునేవాళ్లం, దాని మొదటి కుర్చీలో కూర్చున్నది మన తెలుగునేలపై చదువుకొన్న ముస్లిం మహిళ అని తెలిస్తే ఏమంటాము?

ఆ రోజులు ఎంత కష్టమైనవి! క్రీడాకారిణులు రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో ప్రయాణించేవారు, సామూహిక వసతి గదుల్లో నేల మీద పడుకొనేవారు. మ్యాచ్ ఫీజు అన్న మాటే లేదు. 1978 ప్రపంచకప్ చివరి మ్యాచ్‌కు హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియం ఆతిథ్యమిచ్చింది. ఆ నగరం నుంచి పూర్ణిమా రావు భారత జట్టుకు నాయకత్వం వహించింది. మిథాలీ రాజ్ 1999లో తన మొదటి అంతర్జాతీయ వన్డేలోనే అజేయంగా 114 పరుగులు చేసింది. పొద్దున్నే లేవడానికి బద్ధకించే కూతురిని మిథాలీ తండ్రి ఆమె అన్నతో పాటు మైదానానికి తీసుకెళ్లేవారట. ఆ చిన్న అలవాటే దేశానికి గొప్ప బ్యాటర్‌ను ఇచ్చింది.

రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు కూడా క్రికెట్‌లో హైదరాబాదు వేరు, ఆంధ్ర వేరు. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953లో ఏర్పడింది. కానీ మన కోస్తా, రాయలసీమ ఆడపిల్లలకు భారత జట్టు తలుపులు తెరుచుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 2006లో మహిళా సంఘం భారత క్రికెట్ బోర్డులో విలీనమయ్యాక రాష్ట్ర సంఘాలు బాలికల జట్లను పట్టించుకోక తప్పలేదు. గుంటూరులో ఆంధ్ర క్రికెట్ సంఘం బాలికల కోసం అకాడమీ నడిపింది. అక్కడే ఉండి, చదువుకొంటూ శిక్షణ పొందే వీలు కలిగింది. ఇంటికి దూరంగా పంపే తల్లిదండ్రులకు ఆ భరోసా ఎంత అవసరమో ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు.

ఫలితాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. విశాఖపట్నం అమ్మాయి స్నేహదీప్తి 2013లో పదహారేళ్లకే భారత జట్టులో ఆడింది. 2015లో మన కృష్ణా జిల్లా బిడ్డ రావి కల్పన వికెట్ కీపర్‌గా వన్డేల్లో అడుగుపెట్టింది. ఆమె తండ్రి ఆటో నడిపి కుటుంబాన్ని పోషించేవారు. మరుసటి సంవత్సరం ఇదే జిల్లాకు చెందిన సబ్బినేని మేఘన, 2022లో ఆదోని నుంచి ఎడమచేతి వేగపు బౌలర్ అంజలి శర్వాణి, ఇప్పుడు శ్రీచరణి. వీరిలో కొందరు రైల్వేస్ జట్టుకు కూడా ఆడారు. ఆటతో ఇల్లు గడవని కాలంలో రైల్వే ఉద్యోగమే ఆడపిల్లకు అన్నం పెట్టింది. మంచి క్రీడాకారిణులు అటు వెళ్లిపోవడం వల్ల రాష్ట్ర జట్లు బలహీనపడిన మాట నిజమే అయినా, ఆ ఉద్యోగాలు లేకపోతే వారిలో ఎందరో ఆటకే దూరమయ్యేవారు.

మన సముదాయం నుంచి కూడా వెళ్లినవారున్నారు. మద్రాసు అమ్మాయి ఫౌజియా ఖలీలీ 1982 ప్రపంచకప్‌లో వికెట్ కీపర్‌గా ఇరవై మందిని అవుట్ చేసింది. హైదరాబాదు స్పిన్నర్ గౌహర్ సుల్తానా భారత జట్టుకు యాభై వన్డేలు ఆడింది. నూషీన్ అల్ ఖదీర్ 2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్ ఓడిన జట్టులో సభ్యురాలు. 2023లో అదే దేశంలో అండర్-19 అమ్మాయిలకు కోచ్‌గా నిలిచి, వారి చేత తొలి ప్రపంచకప్ గెలిపించింది. ఆ అమ్మాయిల జట్టులో పదిహేనేళ్ల షబ్నమ్ ఉన్నది. విశాఖపట్నం అమ్మాయి, వేగంగా బంతులు వేస్తుంది, తండ్రి నౌకాదళ ఉద్యోగి. 2025లో రెండోసారి కప్పు గెలిచిన జట్టులోనూ ఆమె ఉన్నది.

ఈ పేర్లన్నీ చదువుతుండగా నాకు ఒక సంగతి స్పష్టమైంది. వీరిలో ఎందరి వెనుకనో ఒక తోడు కనబడుతుంది. ఒకరికి తండ్రి, ఒకరికి అన్న, శ్రీచరణికి మేనమామ. ప్రతిభ అల్లాహ్ ఇచ్చేది. దాన్ని ఇంటి గడప నుంచి మైదానం దాకా తీసుకెళ్లే బాధ్యత మాత్రం ఆయన మనకే అప్పగించాడు. నా చెల్లెలి విషయంలో ఆ అమానతును నేను నిలబెట్టుకోలేదు.

మా అమ్మకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "పిల్ల ఈడుకొస్తున్నది. ఎండల్లో, అందరి ముందూ ఆటలేమిటి?" అన్నది. అమ్మ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. దుస్తులు, నమాజు, చదువు, వెంట పెద్దలు ఉండటం, ఇవన్నీ మనం అడగవలసిన ప్రశ్నలే. మా మసీదు ఇమాము గారిని కలిసి మనసులోని మాట చెప్పాను. ఆయన నెమ్మదిగా విని ఒక సంఘటన గుర్తు చేశారు. మస్జిదె నబవీలో హబ్షీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే చూడాలని హజ్రత్ ఆయిషా (రజి) కోరారు. దైవప్రవక్త (స) తన దుప్పటిని ఆమెకు చాటుగా పట్టి, ఆమెకు తనివి తీరేదాకా అలాగే నిలబడ్డారు. మరో ప్రయాణంలో ఆమెతో పరుగు పందెం కూడా వేశారు.

"చాటు ఇచ్చారు, తోడు కూడా ఇచ్చారు మాస్టారూ. మనం చాటు ఒక్కటే గుర్తు పెట్టుకొన్నాం" అన్నారు ఇమాము గారు.

చిన్నప్పటి నుంచి ఆ హదీసు వింటూనే ఉన్నాను. ఒక ఆడపిల్ల ఆట చూడాలని అడిగితే ప్రవక్త (స) ఏం చేశారో, 1997లో నేనేం చేశానో పక్కపక్కన పెట్టి చూసుకొన్నది ఆ రోజే. మసీదు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. విజయవాడ మ్యాచ్ సంగతి ఎత్తి, "నన్ను మన్నించమ్మా" అన్నాను. అవతల కొంతసేపు మాట లేదు. "అది నీకింకా గుర్తున్నదా భాయ్? నేను మరచిపోయాననే అనుకొన్నావు కదూ" అన్నది. గొంతు సవరించుకొని, "నాకు చెప్పడమెందుకు? పిల్లను తీసుకెళ్లు. నేనూ వస్తాను" అన్నది.

కొన్ని నెలలకు విజయవాడలో బాలికల ఎంపిక పోటీలు పెట్టారు. ఆ రోజు ఫజ్ర్ నమాజు చేసుకొని, వీరులపాడు నుంచి ఆటోలో నందిగామ చేరాము. మా అమ్మే మనవరాలి సంచిలో రొట్టెలు సర్ది, తలమీద చేయి వేసి దుఆ చేసి పంపింది. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సులో చెల్లెలు కిటికీ పక్కన కూర్చొని ఉన్నది. మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకొని, దారి పొడవునా బంతిని వేళ్ల మధ్య ఎలా పట్టుకోవాలో చూపుతూనే ఉన్నది. నలభై ఒక్క ఏళ్ల ఆ చేతికి ఆ పట్టు ఇంకా గుర్తున్నది.

మైదానంలో వందకు పైగా పిల్లలు. పొడవు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, తలకు స్కార్ఫు, దానిపైన టోపీ పెట్టుకొని నా బిడ్డ ఆరు బంతులు వేసింది. ఒకటి పక్కకు పోయింది, రెండు బాగా తిరిగాయి. సాయంత్రం చదివిన జాబితాలో దాని పేరు లేదు. శిక్షకుడొకాయన దగ్గరకు వచ్చి, "రబ్బరు బంతి మానిపించి అసలు బంతితో సాధన చేయించండి. వచ్చే ఏడాది తీసుకురండి" అన్నారు.

తిరుగు బస్సులో అది కాసేపు ఏడ్చింది. చెల్లెలు దాని కన్నీళ్లు తుడిచి, "ఓడిపోతే ఏమైంది? ఆడావు కదే!" అన్నది. ఆ మాట విని నేను తల తిప్పుకొని కిటికీలోంచి బయటకు చూశాను.

ఇప్పుడు ఆదివారం ఉదయాలు మా కల్లంలో నలుగురైదుగురు ఆడపిల్లలు అసలు బంతితో ఆడుతున్నారు. అందరూ మన ఇళ్ల పిల్లలే కారు. బంతి పోతే వెతికిపెట్టే పని నాది. వీరిలో ఎవరు ఆంధ్ర జట్టుకు ఆడతారో, ఎవరు ఆడరో అల్లాహ్‌కే తెలుసు.

సోదరులారా, మీ ఇంట్లోనూ ఒక చెల్లెలో, కూతురో ఏదో ఒకటి అడిగే ఉంటుంది. క్రికెట్టే కానక్కరలేదు, పై చదువు కావచ్చు, ఒక పోటీ పరీక్ష కావచ్చు. వద్దనే ముందు, ఆ భయం ఆమె కోసమా, మన కోసమా అని ఒక్కసారి మనసును అడగండి. వీలైతే చెప్పులు తొడుక్కొని ఆమె వెంట నడవండి. మన బిడ్డల ప్రతిభ మనకిచ్చిన అమానతు అని గుర్తించే మనసును, వారికి తోడు నిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.